'నీతి ఏంటి?' అని అడక్కుండా కుర్రకారుతో కథ చదవడం ఎలా

ఇంటర్ చదివే కూతురో, డిగ్రీలో ఉన్న మేనల్లుడో ఇంట్లో ఉన్నవాళ్లు తరచూ అనే మాట: "ఈ తరానికి చదివే అలవాటే లేదండీ." నిజానికి వాళ్లు చదువుతూనే ఉంటారు. ఫోన్‌లో సీరియల్ కథలు చదువుతారు. వెబ్ సిరీస్ ఒక్క రాత్రిలో లాగించేస్తారు. చివర్లో హీరోయిన్ చేసిన పని కరెక్టా కాదా అని వాట్సాప్‌లో అర్ధరాత్రి దాకా వాదించుకుంటారు. మన ముందు మాత్రం నోరు విప్పరు. విప్పితే సరిదిద్దుతామని వాళ్లకు బాగా తెలుసు.

అందుకని ఆదివారం పూట రెండు గంటలు, ఏడెనిమిది మంది పిల్లలు, ఒక కథ. ఇంతే పెట్టుకోండి. మీరు లెక్చరర్ కావచ్చు, లైబ్రేరియన్ కావచ్చు, రిటైరై ఖాళీగా ఉన్న బాబాయ్ కావచ్చు. విజయవాడలోనో గుంటూరులోనో దీన్ని ఎలా నడపాలో వరసగా చెబుతాను.

ముందు చోటు, టైము

మన ఊళ్లలో ఇంటర్ పిల్లలకు ఆదివారం కూడా పూర్తిగా వాళ్లది కాదు. పొద్దున పరీక్ష పెడతారు, మధ్యాహ్నం స్టడీ అవర్ అంటారు. హాస్టల్ వాళ్లకు ఔటింగ్ ఎప్పుడో ముందే కనుక్కోండి. డే స్కాలర్లయితే సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా కుదురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఎండకు పార్కు మాట ఎత్తకండి. అప్పుడు ఫ్యాను, మంచినీళ్ల క్యాను ఉన్న గదే గతి. చలికాలమైతే రాఘవయ్య పార్కులో చెట్టు కింద కూర్చున్నా హాయిగా ఉంటుంది.

గ్రంథాలయంలో ఒక మూల ఇమ్మని అడగడానికి మొహమాటపడకండి. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్య గారు పూనుకుని ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టింది బెజవాడ రామమోహన గ్రంథాలయంలోనే. అలాంటి ఊళ్లో పదిమంది పిల్లలు కథ చదువుకుంటామంటే కాదనేవాళ్లు తక్కువ. విజయవాడలో ఠాగూర్ గ్రంథాలయం, గుంటూరులో బృందావన్ గార్డెన్స్ వెంకటేశ్వరస్వామి గుడి దగ్గరి అన్నమయ్య గ్రంథాలయం వెళ్లి అడగదగ్గవి. ఏదీ కుదరకపోతే అపార్ట్‌మెంట్ సెల్లార్ ఉండనే ఉంది. అక్కడ బళ్ల హారన్లు భరించాలి, అదొక్కటే ఇబ్బంది.

అందరూ గుండ్రంగా కూర్చోండి. మీకు మాత్రం ఎదురుగా కుర్చీ వేశారంటే అది క్లాసు అయిపోతుంది.

కథ ఎంచుకోవడం

పైకి చదివితే పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోయేది కావాలి. అంటే నాలుగైదు పేజీలు. రాసినవాళ్లు పాతిక, ముప్పై ఏళ్లవాళ్లయితే మరీ మంచిది. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి ఆదివారం పుస్తకాల్లో కథలు వస్తాయి. మంచివి ఏరిపెట్టినవి కావాలంటే 1990 నుంచి ఏటా వస్తున్న 'కథ' సంకలనాలు ఉన్నాయి. విజయవాడ ఏలూరు రోడ్డు షాపుల్లో అడగండి, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో వెతకండి, జనవరిలో పుస్తక మహోత్సవానికి పిల్లల్నే తీసుకెళ్లి వాళ్ల చేతే ఏరించండి. ఆ చివరి పద్ధతి అన్నిటికంటే మేలు. అట్ట చూసి కొన్నా సరే, వాళ్లు కొన్న పుస్తకమైతే మాట్లాడే హక్కు వాళ్లదన్నట్టు కూర్చుంటారు.

ఒక్క జాగ్రత్త. చివరి పేరాలో రచయిత వేలు చూపించి బుద్ధి చెప్పే కథలు వద్దు. అవి చదివాక పిల్లలు మాట్లాడ్డానికి ఏమీ మిగలదు.

సిరీసో సినిమానో అయితే ముందు వయసు గుర్తు చూడండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీల్లో యూ, యూఏ 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్, ఏ అని వేస్తారు. గుంపులో ఇంటర్ పిల్లలుంటే 16 ప్లస్ దాటొద్దు. ఆ 16 ప్లస్ కూడా వాళ్ల అమ్మానాన్నలకు ఒక మాట చెప్పే పెట్టుకోండి. తర్వాత వచ్చే టెన్షన్ మీకెందుకు?

పైకి చదివించండి

మన జిల్లాల్లో ఇంటర్‌లో మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకున్న పిల్లలు చాలామంది. తెలుగు మాట్లాడ్డంలో దిట్టలు, పేజీ తెలుగు చదవాలంటే తడబడతారు. నవ్వకండి, పక్కవాళ్లను నవ్వనివ్వకండి. తలా ఒక పేరా చదువుతూ పోతే గొంతులు వాటంతటవే కుదురుకుంటాయి. శ్రీకాకుళం మాటలో, తెలంగాణ మాటలో ఉన్న కథ వస్తే ఎవరో ఒకరు కమెడియన్ గొంతు పెడతారు. సినిమాలు నేర్పిన అలవాటు అది. మళ్లీ మామూలుగా చదవమనండి, చాలు.

మధ్యలో ఆపి అర్థాలు చెప్పొద్దు. ఒకసారి పైకి, ఇంకోసారి ఎవరికి వాళ్లు మౌనంగా, చేతిలో పెన్సిలు పట్టుకుని.

మొదటి ప్రశ్న: ఎక్కడ ఆగావు?

ఇక్కడే అందరం బోల్తా పడతాం. కథ అవగానే మన నోట్లోంచి "దీనివల్ల మనకేం తెలిసింది?" అని వచ్చేస్తుంది. పిల్లలు వెంటనే పరీక్ష మూడ్‌లోకి వెళ్లి "తల్లిదండ్రులను గౌరవించాలి సార్" అని అప్పజెబుతారు. ఆ జవాబుకు కథ చదవక్కర్లేదు, పేరు చూసి కూడా చెప్పొచ్చు.

దానికి బదులు ఇలా అడగండి: "ఏ వాక్యం దగ్గర ఆగావు? పైకి చదువు." నచ్చి ఆగొచ్చు, అర్థంకాక ఆగొచ్చు, ఒళ్లు మండి ఆగొచ్చు. వాక్యం చదివాక సందర్భసహిత వ్యాఖ్య గుర్తుచేయండి. తెలుగు సబ్జెక్టు చదివిన ప్రతివాళ్లూ రాసే ఉంటారు: ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారు, భావం ఏమిటి. గైడు చూసి బట్టీ పట్టడం వల్ల దాని మీద విసుగు పుట్టింది కానీ, పద్ధతి బంగారం. మాట ఎవరిది, ఎవరు వింటున్నారు, అంతకు ముందు ఏం జరిగింది అని పట్టుకోకుండా ఏ కథా తెలియదు.

ఎలా సాగుతుందో చూపడానికి ఒక ముక్క నేనే అల్లి ఇస్తున్నాను:

రాత్రి తొమ్మిదింబావు. అమ్మ మెసేజ్: "తిన్నావా?"
"ఊఁ, తిన్నా" అని కొట్టింది లహరి.
"ఏం కూర?"
పొద్దున హాస్టల్ గ్రూపులో పెట్టిన మెనూ ఫొటో తెరిచి చూసింది. "దొండకాయ."
అవతల టైపింగ్ అని కనబడింది. ఆగిపోయింది. మళ్లీ కనబడింది. ఆగిపోయింది.
"సరే. పడుకో."
లహరి బిస్కెట్ ప్యాకెట్ మూతి మడిచి దిండు కింద పెట్టుకుంది.

దీన్ని మన వయసువాళ్లకు ఇస్తే ఎక్కువమంది చెప్పేది ఒకటే: కూతురు తల్లికి అబద్ధం చెప్పింది, పాపం తల్లి నమ్మింది. ఇరవై ఏళ్లవాళ్లకు ఇచ్చి చూడండి. వాళ్ల కళ్లు తిన్నగా 'టైపింగ్' దగ్గరికి పోతాయి. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు ఆపిందంటే అమ్మ ఏదో రాసి చెరిపేసింది. అంటే అమ్మకు తెలుసు. తెలిసీ అడగలేదు. "సరే" తర్వాత ఫుల్‌స్టాప్ ఉందంటారు. చాట్‌లో ఫుల్‌స్టాప్ పెట్టారంటే మనసులో ఏదో ఉన్నట్టే వాళ్ల లెక్క. ఇంకొకరు "చేతిలో ఫోన్ ఉంది కాబట్టి ఇది ఇంటర్ హాస్టల్ కాదు, బీటెక్ అయ్యుంటుంది" అని తేలుస్తారు. మన చుట్టుపక్కల కాలేజీలు ఎరిగినవాళ్లకే తట్టే సంగతి అది.

ఇప్పుడు మీ వంతు ప్రశ్న: "ఆ పిల్ల ఎందుకు తినలేదు?" ఒకరు మెస్ తిండి బాగాలేదంటారు. ఒకరు డైటింగ్ అంటారు. మార్కులు తక్కువొచ్చి బెంగ పెట్టుకుందని ఇంకొకరు. అన్నిటికీ ఒకే ఎదురుప్రశ్న వేయండి: "ఏ వాక్యంలో ఉంది?" వెతుకుతారు. దొరకదు. మెనూ ఫొటో చూడాల్సి వచ్చింది కాబట్టి తినలేదన్నది కథలో ఉంది. ఎందుకు తినలేదన్నది లేదు. కథలో ఉన్నది ఏది, మనం పూరించుకున్నది ఏది అని పిల్లలు అక్కడ విడదీస్తారు. పూరించుకోవడం తప్పని చెప్పకండి. ఎవరు ఏం పూరించారో చూస్తే వాళ్ల రోజులు ఎలా గడుస్తున్నాయో మీకు కొంత తెలుస్తుంది. బెంగ అన్న పిల్లను విడిగా పలకరించాల్సి రావచ్చు, అందరి ముందూ మాత్రం వద్దు.

ప్యాకెట్ దిండు కింద ఎందుకు, బల్ల మీద పెట్టొచ్చుగా అని ఎవరైనా అడిగారంటే ఇక మీరు నోరు కట్టేసుకుని వినొచ్చు.

వాళ్ల మాటల్నే ప్రశ్నలు చేయండి

"ల్యాగ్ సార్." "క్రింజ్." "రిలేటబుల్." "వాడు రెడ్ ఫ్లాగ్." అంటే సాగదీశారు, చూడ్డానికే సిగ్గేసింది, నాలాగే ఉంది, వాడితో జాగ్రత్త అని. ఈ నాలుగు మాటలతో సినిమా మొత్తం తేల్చేస్తారని మనకు కోపం. మన తరం "బాగుంది", "బాగాలేదు" అన్న రెండింటితో సరిపెట్టింది కదా, వీళ్లు నయమే.

ల్యాగ్ అంటే, ఎన్నో నిమిషం నుంచి అని అడగండి. ఆ ముక్క తీసేస్తే తర్వాత ఏ సీను అర్థం కాకుండా పోతుందో వెతకమనండి. ఏదీ పోకపోతే వాళ్లే రైటు. క్రింజ్ అంటే, సిగ్గు ఎవరికి కలిగింది, ఆ పాత్రకా, నటుడికా, చూస్తున్న నీకా? రిలేటబుల్ అంటే, ఆ పాత్ర నీలా లేనిది ఎక్కడ అని అడగండి.

రెడ్ ఫ్లాగ్ దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగాలి. అబ్బాయి అమ్మాయి వెంటపడే పాట తెలుగు సినిమాలో ఎన్ని తరాలుగానో ఉంది. అలాంటి సీను ఒకటి రెండు నిమిషాలు ఎంచుకుని, ముందు సౌండ్ పూర్తిగా తీసేసి చూపించండి. మిగిలేది ఏమిటో ఒక్కొక్కళ్లను చెప్పమనండి. బస్టాపు నుంచి ఇంటిదాకా ఒక మగవాడు ఒక ఆడపిల్ల వెనకాల నడుస్తున్నాడు. ఆ పిల్ల అడుగు వేగం పెంచింది. వీధిలో ఇంకెవరూ లేరు. ఇప్పుడు సౌండ్ పెట్టండి. ఫ్లూట్ వస్తుంది, డప్పు వస్తుంది, ఫ్రెండ్ జోకు వేస్తాడు, గది మొత్తం నవ్వుతుంది. మూడోసారి బొమ్మ ఆపేసి సౌండ్ మాత్రమే వినిపించండి. భయం అన్నది ఎక్కడా వినపడదు.

అప్పుడు అడగాల్సింది: "వాడు రెడ్ ఫ్లాగ్ అన్న సంగతి సినిమాకు తెలుసా, తెలీదా?" పాత్ర తప్పు చేయడం వేరు, ఆ తప్పును సినిమా ముద్దు చేయడం వేరు. చెడ్డవాడి గురించి మంచి కథ రాయొచ్చని ఈ ఒక్క ప్రశ్నతో పిల్లలకు అందుతుంది. కెమెరా ఎవరి భుజం మీదుంది, ఆమె ముఖం ఎన్నిసార్లు కనిపించింది, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారా జడుసుకుంటున్నారా అని చూడటం మొదలుపెడతారు. హీరో ఎలివేషన్ సీన్లకూ ఇదే మందు. సౌండ్ తీసేస్తే స్లో మోషన్‌లో నడిచొచ్చే మనిషి, నోరు తెరుచుకుని చూసే జనం మిగులుతారు. ఆ జనం ముఖాలే మనకు ఎలా చూడాలో చెబుతున్నాయని వాళ్లే కనిపెడతారు.

"మరి మీ టైంలో ఇవే పాటలకు ఈలలు వేశారుగా అంకుల్?" అని తప్పకుండా అడుగుతారు. వేశాం అని చెప్పండి. ఎందుకు వేశారో కూడా చెప్పగలిగితే ఆ రోజు సభ రక్తి కడుతుంది.

రీల్స్ సంగతి చిన్నది. ముప్పై సెకన్ల ముక్క చూపించి "డైలాగ్ చూడండి, ఏం చెప్పాడో" అంటే, ఆ సీను మొత్తం వెతికి తెమ్మనండి. ముందు ఏముంది, తర్వాత ఏముంది, పైన శీర్షిక ఎవరు తగిలించారు. ప్రతిలిపి లాంటి యాప్‌లలో భాగాలుగా వచ్చే కథలకు ఇంకో ప్రశ్న ఉంది: ఇది ఒకే పుస్తకంగా వచ్చుంటే ఏ భాగాలు రాలిపోయేవి? ప్రతి భాగం చివరా ఉత్కంఠ పెట్టాల్సి రావడం కథను ఎటు లాగిందో బయటపడుతుంది.

మీరు చెప్పాల్సింది చివర్న

పిల్లలకు తెలియనివి కూడా ఉంటాయి. వాటికోసమే మీరక్కడ ఉన్నారు. కథలో ఊరి టీ హోటల్ వస్తుంది. "అందరికీ గాజు గ్లాసుల్లో పోసి, అతనికి పేపర్ కప్పులో ఇచ్చాడు" అని ఒక వాక్యం. బెంజ్ సర్కిల్ దగ్గర పెరిగిన పిల్లాడు దాన్ని దాటేసి పోతాడు. ఆగమంటే "పార్సిల్ ఏమో" అంటాడు. వెక్కిరింపు లేదు, తెలీదు అంతే. దళితులకు వేరే గ్లాసులో టీ పోసే రెండు గ్లాసుల పద్ధతి గురించి అప్పుడు చెప్పండి. రెండు మూడు వాక్యాల్లో చెప్పి, మళ్లీ కథలోకి పంపండి. అదే పిల్లాడు బడిలో జాషువా పద్యాలు కంఠతా పట్టి ఉంటాడు. 1941 నాటి 'గబ్బిలం'లో గుళ్లోకి రానివ్వని మనిషి గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. రాసిన కవిది ఇక్కడి వినుకొండ. పద్యానికి ఐదు మార్కులు తెచ్చుకున్నవాడికి పేపర్ కప్పు కనబడలేదంటే, ఆ రెంటినీ ఎవరూ పక్కపక్కన పెట్టి చూపలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గుంపులో ఫలానా కులం పిల్ల ఉందని మీకు తెలిసినా, "నువ్వు చెప్పమ్మా, మీ ఇళ్లల్లో ఎలా ఉంటుంది" అని ఎప్పుడూ అడగొద్దు. ఆ పిల్ల వచ్చింది కథ చదవడానికి, సాక్ష్యం చెప్పడానికి రాలేదు. తనంతట తాను చెబితే వినండి. చెప్పకపోతే వాక్యం మీదే మాట సాగనివ్వండి. ఆడపిల్లల విషయంలోనూ అంతే. వెంటపడే సీను చూపించిన రోజు మాత్రం మొదట అమ్మాయిల చేతే మాట్లాడించండి. అబ్బాయిలు మొదలుపెడితే చర్చ జోకుల్లోకి జారిపోతుంది.

వాదన ముదిరితే

ముదరాలి కూడా. రెండు షరతులు పెట్టుకుంటే చాలు. ఒకటి, ఎవరేమన్నా వాక్యమో సీనో చూపించాలి. రెండు, అవతలివాళ్లు అన్నది వాళ్లు ఒప్పుకునేలా ఒకసారి తిరిగి చెప్పాకే ఖండించాలి. రెండో షరతు పెద్దవాళ్లకే కష్టం.

"ఇంతకీ కరెక్ట్ అర్థం ఏంటి సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు, కీ పేపర్ అలవాటు. అప్పుడు గుంటూరు శారదానికేతనం స్థాపించిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' సంగతి చెప్పండి. జైల్లో రాసిన నవల, 1922లో అచ్చయింది, అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ రోజుల్లో ప్రభుత్వానికి అందులో కనబడింది తిరుగుబాటు. ఇప్పటి విద్యార్థుల్లో చాలామందికి కనబడేది ఎం.ఏ. సిలబస్. పుస్తకంలో అక్షరాలు అవే. అన్ని అర్థాలూ సమానమని దీనికి అర్థం కాదు. వాక్యం చూపించలేని అర్థం నిలబడదు. నిలబడేవి మాత్రం ఒకటికి మించి ఉండొచ్చు.

పెద్దవాళ్లలో ఎవరైనా వచ్చి "ఇలాంటివన్నీ చదివి పిల్లలు చెడిపోతారు" అంటే వాదించకండి. చదివితే చెడిపోతారని పెద్దలు తిట్టిపోసిన రచయిత చలం 1950లో అరుణాచలం వెళ్లేదాకా ఉన్నది బెజవాడలోనే. ఆయన పుస్తకాలు దిండు కింద దాచుకుని చదివినవాళ్లు తర్వాత బుద్ధిగా ఉద్యోగాలు చేసి పెన్షన్ తీసుకున్నారు.

రాయించడం

ప్రతిసారీ అక్కర్లేదు. రాయిస్తే స్టార్లు వేయించొద్దు. ఐదారు వాక్యాలు: నేను ఆగిన చోటు, ముందు ఏమనుకున్నాను, ఎవరి మాట విన్నాక మారింది, లేదా ఎందుకు మారలేదు. తెలుగు టైపింగ్ రాదంటే వాయిస్ మెసేజ్ పెట్టమనండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినా తీసుకోండి, అది వాళ్ల చేతిరాత. ఒకరు మాత్రం పూర్తిగా భిన్నంగా చేయమని చూడండి: లహరి కథను అమ్మ వైపు నుంచి రాయమనండి, ఆమె టైప్ చేసి చెరిపేసిన రెండు మెసేజ్‌లతో సహా. ఆ రెండు మెసేజ్‌లలో ఏం రాస్తారన్నదాంట్లో వాళ్లు కథను ఎలా చదివారో మొత్తం ఉంటుంది.

ఎప్పుడు ఆపాలి

సంక్రాంతి సెలవులయ్యాక రావడం తగ్గుతుంది. ప్రాక్టికల్స్ మొదలయ్యాయంటే ఇంటర్ వాళ్లు మాయం. ఫోన్లు చేసి పిలవకండి, ఆ రోజుల్లో వాళ్ల మీదున్న ఒత్తిడి చాలు. డిగ్రీవాళ్లు ఇద్దరు ముగ్గురు మిగిలితే వాళ్లతోనే నడపండి, కథ పొడవు కొంచెం పెంచుకోవచ్చు. ఎంట్రన్సులు అయిపోయాక, రిజల్టులు వచ్చేలోపు పిల్లలకు చేతినిండా ఖాళీ ఉంటుంది. పాతవాళ్లు చెల్లెల్ని, పక్కింటి కుర్రాణ్ని వెంటబెట్టుకుని వచ్చేది అప్పుడే. వాళ్లొచ్చేసరికి కథల జిరాక్సులు మాత్రం రెండు కాపీలు ఎక్కువ తీయించి పెట్టుకోండి.